పింగాణీ మీద పువ్వు: గీసిన చెయ్యెవరిది?

మొన్నామధ్య కోదాడలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. అరిటాకు బొమ్మ అచ్చేసిన పేపర్ ప్లేట్లో భోజనం పెట్టారు. పక్కన కూర్చున్న పెద్దాయన "మా కాలంల మోదుగాకు ఇస్తార్లల్ల తినేటోళ్ళం బిడ్డా, గిప్పుడు ఆకు బొమ్మల తింటున్నం" అని నవ్వాడు. వచ్చేటప్పుడు పూల బొమ్మలున్న పింగాణీ కప్పుల సెట్టొకటి చేతిలో పెట్టారు. అట్టపెట్టె మీద 'హ్యాండ్ పెయింటెడ్' అని ఉంది.

హైదరాబాద్ తిరిగొస్తూ సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు పెట్టె విప్పి చూశాను. ఆరు కప్పుల మీదా ఒకే పువ్వు. ఆరింటిలోనూ అదే రేక అంచున అదే చిన్న మరక! చేత్తో గీస్తే తప్పులు కూడా ఆరు రకాలుగా రావాలి కదా. ఇది అచ్చు కాగితం. నీళ్ళలో నానబెట్టి, బొమ్మని కప్పుకి అతికించి, బట్టీలో కాల్చేస్తారు. అందులో తప్పేమీ లేదు, చవగ్గా వస్తుంది. దాన్ని చేతిపని అనడమే నాకు నచ్చలేదు.

అసలు చేతిపని ఎలా ఉంటుందంటే... లోహపు ఆక్సైడ్ల రంగుపొడిని నూనెలో నూరి, మెరుపు పూత వేసి కాల్చిన పింగాణీ మీద కుంచెతో గీసి, మళ్ళీ కాలుస్తారు. కాలాక రంగు మారుతుంది. అంటే గీసేవాడు కంటికి కనబడే రంగుని నమ్ముకోకూడదు, బట్టీలోంచి బయటికొచ్చే రంగుని ఊహించి వెయ్యాలి. రన్ చేసేదాకా ఏమొస్తుందో తెలియని కోడ్ లాంటిదన్నమాట. పైగా అన్‌డూ లేదు.

ఈ పనిలో పెద్ద పేరు డెన్మార్క్ రాజకుటుంబం చేయించిన 'ఫ్లోరా డానికా'ది. అదే పేరున్న వృక్షశాస్త్ర గ్రంథంలోని బొమ్మలు చూసి, 1790 నుంచి 1802 దాకా 1800 పైచిలుకు పళ్ళేలూ గిన్నెలూ తయారుచేశారు. ఒక్కోదాని వెనక ఆ మొక్క లాటిన్ పేరు రాశారు. చాలా భాగం గీసింది యోహాన్ క్రిస్టఫ్ బేయర్ ఒక్కడే. రెండు శతాబ్దాలు దాటినా ఆయన పేరు చెప్పుకుంటున్నారు.

ఇందులో మన సంబంధమేమిటంటారా? ఆ గ్రంథం కోసం 1765 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో మొక్కలు సేకరించిన కోనిగ్ అనే ఆయన తర్వాత దక్షిణాదికి వచ్చి, 1785లో కాకినాడ దగ్గర చనిపోయాడు. ఆయనకి బాగా తెలిసిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ అప్పట్లో సామర్లకోటలో ఉండేవాడు. రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులని పెట్టుకుని కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు వేయించాడు. అవి 1795 నుంచి 1819 వరకు మూడు సంపుటాల్లో, 300 బొమ్మలతో లండన్‌లో అచ్చయ్యాయి. మొదటి సంపుటంలోనే మన మోదుగు ఉంది! దాని శాస్త్రీయ నామం 'బ్యూటియా', బ్రిటన్ ప్రధానిగా చేసిన బ్యూట్ ప్రభువు పేరు మీద పెట్టింది. వేయించినవాడి పేరుంది, ప్రభువు పేరుంది. గీసినవాళ్ళ పేర్లే ఆ పుస్తకంలో లేవు.

నవ్వుకోవడానికేం లేదు, మనమూ అంతే. మిర్యాలగూడలో స్టీలు సామాన్ల కొట్లో బిందె కొంటే చదివించేవాళ్ళ పేరు మిషన్‌తో కొట్టిస్తాం. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఎవరిచ్చారో తెలుస్తుంది, ఎవరు చేశారో తెలియదు. ఆఫీసులో మాత్రం నాలుగు లైన్ల కోడ్ రాసినా ఎవరు, ఎప్పుడు అన్నది గిట్‌లో ఉండాలి మనకి!

నేననేది ఒక్కటే. చేతిపని అని చెప్పి నాలుగింతలు డబ్బు అడిగేవాళ్ళు ఆ చెయ్యి ఎవరిదో కూడా చెప్పాలి. పేరు లేని చేతికి కూలి పెంచమని అడిగే దారి ఉండదు, దాని పని నాదేనని ఇంకొకడు అమ్ముకోవడమూ సులువే. ఈసారి ఎక్కడైనా అలాంటి పళ్ళెం కనబడితే బోర్లించి చూడండి. పేరు లేకపోతే మొహమాటపడకుండా అడగండి. మోదుగు పువ్వు గీసిన మనిషి విషయంలో ఆ పని ఎవరూ చెయ్యలేదు.