ఏకగాయకుడి ఒంటరి సంతకం

పాప్ సంగీతాన్ని గూర్చి విమర్శ పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు విరుస్తారు. కోట్లాది యువజనుల చెవుల్లో పగలూ రాత్రీ మ్రోగేదానిని విమర్శకుడు వినను పొమ్మంటే, దానిని గూర్చి మాట్లాడే హక్కు పూర్తిగా వ్యాపారికి దక్కుతుంది. వ్యాపారి మాటల్లో ప్రతిభ ఉంటుంది, అదృష్టం ఉంటుంది, అభిమానుల ఆనందబాష్పాలుంటాయి. కూలి ప్రస్తావన మాత్రం ఉండదు. ఆ కూలి సంగతి తేల్చడానికే 1991 నవంబరు 26న విడుదలైన ఒక స్పానిష్ ఆల్బమ్‌ను ఇక్కడ తీసికొంటున్నాను. దాని పేరు ‘రికీ మార్టిన్’. గాయకుడి పేరూ అదే. ప్యూర్టో రికో ద్వీపపు రాజధాని సాన్ హువాన్‌లో పుట్టిన ఆ గాయకుడికి అప్పటికింకా ఇరవై ఏళ్ళు నిండలేదు. అది అతని తొలి సోలో ఆల్బమ్.

సోలో అంటే ఒక్కడే, ఒంటరిగా అని అర్థం. బృందంలో ఒకడిగా ఉన్నవాడు బయటికివచ్చి తన గొంతుతో తాను పాడుకొన్నాడనీ, వ్యక్తి విముక్తి పొందాడనీ ఈ మాట మనకు నచ్చజెబుతుంది. నేను ఈ మాటను ఒప్పుకోను. ఆ ఆల్బమ్ తయారీలో నిజంగా ఒంటరిగా జరిగిన పని ఒక్కటే: ఒప్పందం మీద సంతకం. పాట వ్రాసినవారు, బాణీ కట్టినవారు, వాద్యాలు వాయించినవారు, ధ్వని ముద్రించినవారు, పెట్టెల్లో సర్ది దుకాణాలకు మోసినవారు అందరూ కలిసి చేసిన పనికి ‘ఒక్కడు’ అని పేరు పెట్టారు. హక్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ కుర్రవాణ్ణి నిజంగానే ఒక్కణ్ణి చేసి కూర్చోబెట్టారు.

అతడు ఎక్కడినుంచి వచ్చాడో చూడండి. 1977లో ఎద్గార్దో దియాస్ అనే నిర్మాత ప్యూర్టో రికోలో ‘మెనూదో’ అనే బాలగాయకుల బృందాన్ని స్థాపించాడు. పిల్లవాడికి పదహారేళ్ళు దాటుతున్నాయనగానే అతణ్ణి తప్పించి మరొక చిన్నవాణ్ణి ఆ స్థానంలో నిలబెట్టడం అక్కడి రివాజు. పేరు శాశ్వతం, పిల్లలు తాత్కాలికం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. మిల్లులో అరిగిన కండెను తీసి కొత్త కండె తగిలించే పద్ధతికీ దీనికీ తేడా ఏమున్నది? మార్టిన్ 1984లో, పన్నెండేళ్ళ వయసులో అందులో చేరాడు, 1989లో బయటపడ్డాడు. ఆ బృందపు కథమీద 2022లో వెలువడిన డాక్యుమెంటరీలో పలువురు మాజీ సభ్యులు తాము పడిన చాకిరీని గూర్చీ, అనుభవించిన దుర్వ్యవహారాన్ని గూర్చీ చెప్పుకొన్నారు. బాల్యాన్ని ముడిసరుకుగా వాడిన పరిశ్రమ అది.

అక్కడినుంచి బయటపడిన యువకుడు మెక్సికో వెళ్ళి నాటకాల్లో, టెలివిజన్ సీరియల్‌లో నటించాడు. అప్పుడు సోనీ కంపెనీవారు ఆల్బమ్ చేయిస్తామన్నారు. 2010లో వెలువడిన తన ఆత్మకథలో అతడే వ్రాసుకొన్న సంగతి ఇది: ఉత్సాహంలో షరతులు సరిగా చదవకుండా సంతకం చేశాడు, ఆ ఒప్పందం ప్రకారం అమ్ముడైన ఒక్కొక్క ఆల్బమ్‌కు అతని వంతు ఒక సెంటు. డాలరులో నూరవ వంతు! ఆ ఆల్బమ్ ప్రపంచమంతటా ఐదు లక్షల ప్రతులకు పైగా అమ్ముడైందని చెబుతారు. ఐదు లక్షల సెంట్లంటే ఐదువేల డాలర్లు. అట్ట మీద బొమ్మ అతనిది, పేరు అతనిది, గొంతు అతనిది. రాబడిలో వాటా ఇది.

మన పల్లెల్లో పాలేరు చేత ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకొన్న భూస్వామి కూడా అది స్వేచ్ఛగా కుదిరిన ఒప్పందమనే వాదించాడు. బలవంతం చేశామా, బెదిరించామా, ఇష్టపడే వేశాడు కదా అన్నాడు. చదువురాని పాలేరుకూ, చదవడానికి తీరికా ధైర్యమూ లేని పందొమ్మిదేళ్ళ గాయకుడికీ మధ్య చాలా దూరమున్న మాట నిజమే. కాని ఇద్దరి ఎదుటా కూర్చున్నవాడి తర్కం ఒక్కటే. అవసరం ఒకవైపు, పెట్టుబడి ఒకవైపు ఉన్నచోట స్వేచ్ఛా ఒప్పందమనేది పత్రంమీద మాత్రమే ఉంటుంది.

ఇక పాటల సంగతి. ‘లాటిన్’ అని ముద్ర వేసి అమ్మిన ఈ సరుకులో లాటిన్ అమెరికా ఎంత? అందులోని ‘దీమె కె మె కియెరెస్’ 1960లలో స్పెయిన్ దేశపు లోస్ బ్రావోస్ బృందం ఇంగ్లీషులో పాడిన పాటకు స్పానిష్ రూపం. ‘సుసానా’ 1980లలో హాలండులో ప్రజాదరణ పొందిన పాటకు మారు. అరువు తెచ్చుకోవడం తప్పని నేననను. పాటకు సరిహద్దులు లేవు, ఉండనక్కరలేదు. కాని ఎక్కడిదో బాణీ తెచ్చి, భాష మార్చి, దానినే ఒక ఖండపు ఆత్మగా చూపి బేరం పెట్టడం సంస్కృతి కాదు, చలామణి. దాదాపు అన్నీ ప్రేమ పాటలే. ప్రేమ ఉండకూడదని ఏ అభ్యుదయవాదీ అనడు. ఏ ఊరి ప్రేమో, ఏ కష్టంలో పుట్టిన ప్రేమో ఆనవాలు లేకుండా చేస్తేనే అది అన్ని ఊళ్ళ బజార్లలోనూ చెల్లుతుంది. మన సాహిత్యంలో ఆత్మాశ్రయ కవిత్వాన్ని మనం ఘాటుగా విమర్శించాం. అక్కడ కనీసం ఆత్మ కవిదే. ఇక్కడ ‘నేను’ అన్న మాట గాయకుడిది, ఆ ‘నేను’ ఎలా ఉండాలో తేల్చే అధికారం కంపెనీది.

కంపెనీ ఎవరిది? సోనీ జపాను దేశపు విద్యుత్ పరికరాల సంస్థ. అది 1988లో అమెరికాకు చెందిన సి.బి.ఎస్. రికార్డ్స్‌ను కొన్నది. పాట వినే యంత్రం తనదే, అందులో మ్రోగే పాటా తనదే. నాగలీ విత్తనమూ ఒకడి చేతిలోనే ఉంటే పంట ఎవరిదో రైతునడగండి. జపాను పెట్టుబడి, అమెరికా వ్యాపార సంస్థ, స్పానిష్ భాష, ప్యూర్టో రికో గొంతు! సామ్రాజ్యవాదాన్ని గూర్చి తరగతిలో పాఠం చెప్పేవారికి ఇంతకంటె తేలికైన ఉదాహరణ దొరకదు. ఆ ద్వీపం 1898లో స్పెయిన్ చేతినుంచి అమెరికా చేతికి పోయింది. అక్కడివారు 1917నుంచి అమెరికా పౌరులు. అయినా ద్వీపంలో నివసించేవారికి అమెరికా అధ్యక్షుని ఎన్నికలో నేటికీ ఓటు లేదు.

భాషాభిమానులు మరొక సంగతి గమనించాలి. 1999లో ఇతనిదే మొదటి ఇంగ్లీషు ఆల్బమ్ వచ్చింది. దానికీ ‘రికీ మార్టిన్’ అనే పేరు పెట్టారు. అమెరికన్ పత్రికలు దానినొక కొత్త నక్షత్రోదయంగా వర్ణించాయి. అప్పటికే స్పానిష్‌లో నాలుగు ఆల్బమ్‌లు చేసినవాడు హఠాత్తుగా క్రొత్తవాడైపోయాడు! ఇంగ్లీషులో పాడినప్పుడే పుట్టినట్లు లెక్క. మాతృభాషలో చేసిన పనికి జన్మ పత్రిక కూడా దక్కలేదు. తెలుగులో వ్రాసినవాడు ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడే రచయిత అయ్యాడనుకొనే మన పెద్దమనుషులకు ఈ చరిత్ర ఏమైనా నేర్పుతుందా?

అన్నింటికంటె పెద్ద దోపిడి డబ్బులో కనపడదు. అమ్మాయిల కలల రాకుమారుడిగా అమ్ముడైన ఆ యువకుడు తాను పురుషులను ప్రేమించేవాడనని 2010 మార్చిలోగాని బహిరంగంగా చెప్పలేకపోయాడు. తొలి ఆల్బమ్ నాటినుంచి లెక్కిస్తే పద్దెనిమిదేళ్ళకు పైగా! వందల పాటల్లో ప్రేమను ప్రకటించినవాడికి తన ప్రేమను ఒక్కసారి ప్రకటించుకొనే స్వాతంత్ర్యం లేకపోయింది. సమాజపు దురభిమానం అతని నోరు నొక్కితే, ఆ దురభిమానం మీదనే సంత నడిచింది. ఇట్టి సంతను వ్యక్తి స్వేచ్ఛకు కాణాచిగా పొగిడేవారు దీనికి జవాబు చెప్పాలి.

ఇప్పుడు రెండు పక్షాలవారు నామీదికి వస్తారు. మొదటివారు: “తరువాత అతడు కోటీశ్వరుడయ్యాడు కదా, నీ కన్నీళ్ళెందుకు?” నేను కన్నీళ్ళు పెట్టడం లేదు. మెనూదోలోనుంచి ఎందరో పిల్లలు వచ్చారు, పోయారు. వారిలో ఎందరి పేర్లు మీకు తెలుసు? లాటరీ గెలిచిన ఒక్కణ్ణి చూపించి లాటరీని న్యాయమనడం గెలిపించినవాడి వాదమే.

రెండవవారు మన మిత్రులే: “ఇదంతా సామ్రాజ్యవాద చెత్త, వినడమే తప్పు.” ఈ మాటలో కోపమున్నది, పరిశీలన లేదు. మిల్లు యజమానిది గనుక మిల్లు కార్మికుణ్ణి అసహ్యించుకొంటామా? 2019 జులైలో ప్యూర్టో రికో గవర్నరు రికార్దో రొసెయో, ఆయన అనుచరులూ రహస్యంగా వ్రాసుకొన్న నీచమైన మాటలు బయటపడ్డాయి. వాటిలో ఈ గాయకుణ్ణి అతని ప్రేమను పట్టుకొని అవమానించిన మాటలూ ఉన్నాయి. లక్షలాది జనం సాన్ హువాన్ వీధుల్లోకి వచ్చారు. మార్టిన్ వారి మధ్య నిలిచాడు. ఆ నెల 24న గవర్నరు రాజీనామా ప్రకటించక తప్పలేదు. ఆయనను దింపినది జనమే. కాని సరుకుగా తయారుచేయబడిన మనిషి కూడా మనిషిగానే మిగులుతాడనీ, జనంలోకి వస్తే అతని గొంతుకు మరొక పని దొరుకుతుందనీ ఆ వీధులు చూపించాయి. అట్టివాణ్ణి ముందే చెత్తబుట్టలో వేస్తే నష్టం మనకే.

మన దేశంలో పరిస్థితి వేరని ఎవరూ అనుకోవద్దు. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాటల హక్కుల వివాదంలో నిర్మాత పక్షానే తీర్పు చెప్పింది. పాట వ్రాసినవాడూ, బాణీ కట్టినవాడూ కూలి తీసికొని పక్కకు తప్పుకోవలసి వచ్చింది. 2012 చట్ట సవరణ వచ్చాకగాని, సినిమాహాలులో చిత్రంతో పాటు వినిపించడం మినహా ఇతర ఉపయోగాలపై వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ గల సమాన వాటాను వదులుకోవడానికి వీల్లేదన్న నియమం రాలేదు. ఈ నియమంలోని సారాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి: సంతకం చేసినా పోని హక్కు అది. ఒంటరిగా కూర్చున్నవాడి అవసరం ఎంతటిదో చట్టానికి తెలియబట్టే అట్టి రక్ష కల్పించవలసి వచ్చింది. అయితే చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన డబ్బు చేతికి రాదు. లెక్కలు అడిగే సంఘం ఉంటేనే లెక్కలు బయటికి వస్తాయి.

కాబట్టి విమర్శకుడి పని పాట బాగున్నదా లేదా అని తేల్చడంతో ముగియదు. పాటతో పాటు దాని పత్రాన్నీ చదవాలి. ఎవరు వ్రాశారు, ఎవరు పాడారు, ఎవరికెంత ముట్టింది అని అడగాలి. మన కళాశాలల్లో పాటల పోటీలు జరుగుతున్నాయి. ఊరూరా పిల్లలు టెలివిజన్ తెరమీద మెరవాలని గొంతు అరగదీసుకొంటున్నారు. వారికి స్వరం నేర్పే గురువులున్నారు. ఒప్పందం చదవడం నేర్పే గురువులు కావాలి. వారి పక్కన కూర్చుని సంతకానికి ముందు షరతులు అడిగే కళాకారుల సంఘాలు కావాలి. పాట ఒక్కడు పాడినా ఫర్వాలేదు. బేరం మాత్రం ఒక్కడిని ఆడనివ్వకండి.