పాత వాద్యము - పూర్వరూపము

పాతబడిన వస్తువు చేతికి వచ్చినప్పుడు మనకు సాధారణముగా రెండు తలంపులు పుట్టును. దానిని మూలకు నెట్టి క్రొత్తది తెచ్చుకొనుట యొకటి. దానికి రంగు పూసి క్రొత్తదానివలె తళతళలాడించుట రెండవది. చేతితో చేసిన వాద్యముల విషయమున ఈ రెండును తగవని నా యభిప్రాయము.

అనంతపురము పీఠభూమి కరవునకు పేరు మోసినది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ నేలపై గాలిలో తేమ మిక్కిలి తక్కువ. ఇట్టి చోట కొయ్య వాద్యము కొన్ని వేసవులు గడపినచో కొయ్య ముడుచుకొనును, అతుకులు విడును, పలకలు బీటలు వారును. వీణ మెట్లను పట్టియుంచు మైనము వేడికి మెత్తబడి, మెట్లు చలించును; స్వరము తప్పును. లేపాక్షి నాట్యమండపపు స్తంభములపై శిల్పులు చెక్కిన వాద్యములు 16వ శతాబ్దము నుండియు నిలిచియున్నవి. కొయ్య వాద్యమునకు రాతి యాయువు లేదు. దానికి మనుష్యుని చేయి తోడు కావలెను.

బాగుచేయుటకు ముందు వాద్యములో ఏది మార్చదగినదో, ఏది మార్చరానిదో తెలియవలెను. విజయనగరము జిల్లాలో బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి పనివారు పనస దుంగను తొలిచి వీణ చేయుదురు. కుండయు దండియు ఒకే దుంగనుండి తీసినదానిని ఏకాండి వీణ యందురు. దానిపై మసి కలిపిన మైనమున 24 మెట్లు నిలిపి, 7 తంత్రులు బిగింతురు. తంత్రులు తెగును, మైనము చెడును. వానిని మార్చుట వీణకు నిత్యసేవ వంటిది. కుండ, దండి అట్టివి కావు. నాదమునకు నెలవు అవియే. పనివాని ఉలి జాడ నిలిచియుండునదియు వానియందే. బీట వారినదని కుండనే మార్చినచో మిగులునది మరియొక వీణయే కాని, ఆ వీణ కాదు.

దూరదేశపు ఉదాహరణ మొకటి చూడుడు. ఇంగ్లండులో 1963వ సంవత్సరమున బ్రయన్ మే అను బాలుడు, మంచి గిటారు కొనుటకు ధనము చాలక, తండ్రి తోడ్పాటుతో విద్యుద్గిటారును స్వయముగా చేయ నారంభించెను. దాని మెడకు పాత పొయ్యిగూటి కొయ్య వాడిరి. తంత్రుల బిగువు మార్చు అమరికకు మోటారు సైకిలు స్ప్రింగులు, మెట్లనడుమ గుర్తులకు ముత్యపుచిప్ప గుండీలు కుదిరినవి. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై, క్వీన్ అను గాయక బృందములో లోకప్రసిద్ధుడయ్యెను. ఆ గిటారునే మ్రోగించుచు వచ్చెను. ఏండ్ల తరబడి వాడుకచే అది అరిగిపోగా 1998లో గ్రెగ్ ఫ్రయర్ అను నిపుణుడు దానిని బాగుచేసెను. ఆ పాత కొయ్య నేటికిని దానిలోనే యున్నది. అంగడిలో అంతకంటె మేలైన కొయ్య దొరకదా? దొరకును. కాని తండ్రీకొడుకుల చేతిపని ఏ యంగడిలో దొరకును?

కావున పూర్వరూప మనగా తళుకు కాదు, చేసినవాని యుద్దేశము. నాదమును చెరచు బీటను పూడ్చవలెను. వాయించినవారి వ్రేళ్లు తగిలి నునుపెక్కిన చోటును మాత్రము గీకరాదు. అది వాద్యపు చరిత్ర. అతికించుటకు తోలునుండి తీయు పాతకాలపు జిగురు మేలు. వడ్రంగులు దానిని వజ్ర మందురు. అది వేడికిని తడికిని విడును గనుక, రేపటి పనివాడు మరల విప్పి సరిచేయగలడు. నేటి గట్టి జిగురులు పెక్కింటికి ఆ గుణము లేదు.

"ఇంత శ్రమ యెందులకు? క్రొత్తది కొనరాదా?" అని కొంద రడుగుదురు. బాగుచేయు వ్యయము ఒక్కొక్కప్పుడు క్రొత్తదాని వెలకు చేరువగు మాట నిజమే. అయినను పనస చెట్టు దుంగకు తగినంత లావెక్కుటకు దశాబ్దములు పట్టును. మరమ్మతు పని కరవైనచో ఆ విద్య తెలిసినవారును కరవగుదురు. అప్పుడు ధన మున్నను పాత వాద్యమునకు ప్రాణము పోయువాడు దొరకడు.

ఈ సీమవారికి ఇది క్రొత్త నీతి కాదు. అనంతపురము చెరువు 14వ శతాబ్దపు నాటిది. పాతదైనదని చెరువు కట్టను త్రవ్విపోయు రైతు లేడు. పూడిక తీయును, గండి పూడ్చును, తూము సరిచేయును. కట్టను మాత్రము పెద్దలు వేసిన చోటనే నిలుపుకొనును. నీరు నిలుచుటయే అతనికి కావలసినది. వాద్యమునకు నాదము అట్టిది.

విద్యార్థులారా! మీ యింటనో, మీ యూరి భజనమందిరముననో మూగవోయిన తంబురయో, వీణయో యున్నచో తొందరపడి రుద్దకుడు, రంగు పూయకుడు. ముందుగా దాని రూపమును చిత్రించి, అది యెవరిదో, ఎవరు వాయించిరో పెద్దల నడిగి వ్రాసికొనుడు. ఎండ తగులని చోట దానిని భద్రపరుపుడు. పిమ్మట తెలిసిన పనివానికి అప్పగింపుడు. బాగైన నాడు దానిని గాజు బీరువాలో పెట్టి ఊరకుండక, శ్రుతి చేసి మ్రోగింపుడు.