తెరపై నిశ్చలత, వలయంలో కల్లోలం

ప్రయోగశాలలో కంప్యూటర్ తెరపై తరంగం కాసేపు ఊగి కుదుటపడగానే మన విద్యార్థులు "వలయం స్థిరంగా ఉన్నది" అని రికార్డులో వ్రాసి లేచిపోతున్నారు. ఈ తొందరపాటును నేను హర్షించలేను. సిమ్యులేషన్ మనం అడిగిన ప్రశ్నకే బదులు చెబుతుంది. అడగనిదాని విషయంలో మౌనం వహిస్తుంది.

1927లో హెరాల్డ్ బ్లాక్ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఆంప్లిఫయర్‌ను కనుగొన్నాడు. ఫలితంలో కొంత భాగాన్ని వ్యతిరేకంగా వెనుకకు పంపితే దోషాలు తగ్గుతాయి. కాని సంకేతం లూప్ చుట్టూ తిరిగి వచ్చేసరికి వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు 180 డిగ్రీలైన చోట వ్యతిరేకత అనుకూలతగా మారుతుంది. ఆంప్లిఫయర్ డోలకం కావచ్చును. ఎప్పుడవుతుందో తేల్చే నియమాన్ని 1932లో హారీ నైక్విస్ట్ ప్రకటించాడు. అన్ని పౌనఃపున్యాలకు లూప్ గెయిన్‌ను సంకీర్ణ తలంపై గీయండి. విడిగా లూప్ స్థిరమైనదైతే, ఆ వక్రం −1 బిందువును చుట్టరాదు.

ఉదాహరణకు, బఫర్లతో వేరుచేసిన మూడు సమానమైన ఆర్.సి. అంచెలను తీసుకొందాం. ఒక పౌనఃపున్యం వద్ద ఒక్కొక్క అంచె 60 డిగ్రీలు వెనుకబడి, సంకేతాన్ని సగం చేస్తుంది. మొత్తం 180 డిగ్రీలు, ఎనిమిదవ వంతు. అనగా గెయిన్ 8 అయితే వక్రం సరిగ్గా −1 గుండా పోతుంది. 7.5 వద్ద అది −0.94ను తాకుతుంది, తెరపై అంతా చివరకు శాంతిస్తుంది. నిజమైన విడిభాగాలతో గెయిన్ నూటికి పది పెరిగి 8.25 అయిందా, వక్రం −1ను చుట్టివేస్తుంది. వలయం ఆగకుండా డోలిస్తుంది. నైక్విస్ట్ పటం గీచిన విద్యార్థికి ఈ అపాయం ముందే కనబడేది.

అంతేకాదు, డోలించవలసిన వలయం కూడా తెరపై కదలక నిలువవచ్చును. సమతుల్యస్థితిలో ఆరంభమైన గణనకు కుదుపునిచ్చే విద్యుత్ రొద ఉండదు. గేర్ వంటి గణన పద్ధతులు డోలనాన్ని కృత్రిమంగా అణచగలవు.

బోడే పటం చాలదా అని కొందరడుగుతారు. సాధారణంగా చాలును. కాని లూప్ గెయిన్ ఒకటి అనే విలువను పలుమార్లు దాటే వలయాలలో, ఒక్కచోట చూచిన ఫేజ్ మార్జిన్ మోసగించగలదు. నైక్విస్ట్ వక్రం మొత్తం కథను ఒక్క చూపులో చెబుతుంది. లూప్‌ను తెంచితే డి.సి. స్థితి చెడుతుందన్న భయమూ అనవసరం. తెంచకుండానే పరీక్షా సంకేతాన్ని ప్రవేశపెట్టి లూప్ గెయిన్‌ను కొలిచే పద్ధతిని మిడిల్‌బ్రూక్ 1975లో వివరించాడు.

కావున కళాశాల కార్యవర్గానికి నా మనవి: ఫీడ్‌బ్యాక్ ప్రయోగానికి నైక్విస్ట్ పటం లేని రికార్డుకు మార్కులు ఇవ్వరాదు. విద్యార్థులారా, వక్రం −1ను చుట్టలేదని మాత్రమే వ్రాయకండి. ఎంత దూరంలో ఆగిందో కొలిచి వ్రాయండి. రేపు మీరు తయారుచేసే వలయం ఆ దూరం మీదనే ఆధారపడి నిలుస్తుంది.