భరోసా ఉంది భాయ్, సర్వీస్ రికార్డు కూడా చూపించు

మా ఫుప్పూ కొడుకు కువైట్‌లో తొమ్మిదేళ్లు హౌస్ డ్రైవర్‌గా చేశాడు. 2024 రంజాన్‌కి ముందు ఇక చాలనుకుని రాయచోటికి వాపస్ వచ్చేశాడు. చెల్లెలి షాదీకి, ఇంటి మీద స్లాబుకు పోను ఆ తొమ్మిదేళ్ల కమాయీలో మిగిలింది ఏడు లక్షలు. ఫుప్పూకి గుండె జబ్బు. రెండు నెలలకోసారి తిరుపతికి తీసుకెళ్లాలి. బస్సులో ఆమె కూర్చోలేదు. అందుకే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకున్నాడు.

మన కడప జిల్లా వాళ్లకు పాత కారు అనగానే బెంగళూరు గుర్తొస్తుంది. అక్కడ మాకు దూరపు రిష్తాదార్ ఒకాయన పాత కార్ల కారోబార్ చేస్తాడు. వీళ్లు వెళ్లగానే గలే మిలాయించాడు, చాయ్ తాగించాడు, దమ్ బిర్యానీ తినిపించాడు. తర్వాత కారు చూపించాడు. 2019 నవంబర్‌లో రిజిస్టర్ అయిన డీజిల్ బండి. మీటరు మీద 42,000 కిలోమీటర్లు. “ఒక్కరే ఓనర్. కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా నవంబర్ దాకా ఉంది. కళ్లు మూసుకుని తీస్కపో” అన్నాడు. మావాడు బానెట్ ఎత్తి చూశాడు, ఇంజన్ శబ్దం విన్నాడు, ఒక రౌండు తోలాడు. తొమ్మిదేళ్లు కార్లు తోలిన వాడికి ఇంకెవరు చెప్పాలి? అయినా ఒక్క మాట అడిగాడు, “సర్వీస్ రికార్డు ఉందా భాయ్?” అని. ఆయన నవ్వి అన్నాడు, “క్యా మియా, నా మీద భరోసా లేదా?”

అంతే. మావాడికి షరమ్ వేసింది. 6 లక్షల 40 వేలు లెక్కపెట్టి ఇచ్చి వచ్చేశాడు.

జూన్‌లో ఫుప్పూని తిరుపతికి తీసుకెళ్తుంటే భాకరాపేట ఘాట్‌లో బండి వేడెక్కి ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండ. గుండె జబ్బు మనిషి రోడ్డు పక్కన చెట్టు కింద గంటన్నర కూర్చుంది. ఆ రోజు ఆమెకేమీ కాలేదు, అల్లాహ్ దయ.

వారంటీ ఉంది కదా అని బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి లాగించుకెళ్లారు. అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో నంబరు కొట్టి, స్క్రీన్ వీళ్లవైపు తిప్పాడు. చివరి సర్వీస్ 2022 ఆగస్టు. ఆ రోజు మీటరు 78,640. ఆ తర్వాత ఒక్క ఎంట్రీ లేదు. ఏడాదిన్నర తర్వాత అదే బండి మీటరు 42,000 చూపించింది. మీటరు తిప్పిన బండికి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. ఇది చాలదన్నట్టు సర్వీసులూ ఎగ్గొట్టి ఉన్నాయి. మెకానిక్ వెనక కార్పెట్ ఎత్తితే కింద ఎండిన బురద. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు రోడ్ల మీద కార్లు నీళ్లలో తేలడం మనమంతా టీవీలో చూశాం. ఈ బండి ఆ రోజు ఎక్కడుందో ఆ రబ్బుకే తెలియాలి. ఇంజన్ పనికి లెక్క వేస్తే 2 లక్షల 10 వేలు.

ఫోన్ చేస్తే రిష్తాదార్ అన్న మాట, “నాకూ అలాగే ఇచ్చార్రా, నాకేం మాలూమ్?”

ఈ కిస్సా విన్న ప్రతి ఒక్కరూ “నసీబ్” అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. సర్వీస్ సెంటర్‌లో ఐదు నిమిషాల్లో తేలిన సంగతిని నసీబ్ మీదికి తోయడం సుస్తీ. మనకు బేరంలో వెయ్యి తగ్గించమని అరగంట వాదించడానికి షరమ్ లేదు, కాగితం అడగడానికి మాత్రం షరమ్. అడిగితే అవతలి వాడి ఇజ్జత్ తీసినట్టు అనుకుంటాం. నా రాయ్ వేరు. “నా మీద భరోసా లేదా?” అనే వాడికి జవాబు ఒకటే ఉండాలి: “ఉంది భాయ్, అందుకే నీ దగ్గరికొచ్చా. రికార్డు కూడా చూపించు.” షాదీ నిశ్చయమైనప్పుడు మెహర్ ఎంతో నిఖానామాలో రాయించుకుంటాం కదా. అది అల్లుడి మీద అనుమానమా? కాదు. మాట రేపు మారకుండా ఉండటానికి. ఇదీ అంతే.

మరి ఏం చూడాలి?

సర్వీస్ బుక్కు మీద ముద్రలు చూసి ఖుష్ కావద్దు. ముద్ర ఎవరైనా కొట్టించుకోవచ్చు. అసలు రికార్డు కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది. బయటివాళ్లకి అది చూపించరు గనక, అమ్మే ఓనర్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన ఫోన్‌కి ఓటీపీ వస్తే చెప్పమనండి. రానంటే, ఆ బండి వదిలేయండి. రికార్డు తెరిచాక మూడు సంగతులు చదవండి. తారీఖుతో పాటు కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయా? మధ్యలో ఏడాదికి మించి ఖాళీ ఉందా? బాడీ షాప్ బిల్లులు ఉన్నాయా, ఉంటే దేనికి? బంపర్ గీత పడితే ఐబ్ కాదు. ఎయిర్‌బ్యాగులు మార్చినట్టుంటే, ఛాసిస్ సరిచేసినట్టుంటే అది వేరే కహానీ. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజనైతే దాన్ని మార్చిన బిల్లు తప్పక అడగండి. ఆ బెల్ట్ నడుస్తుండగా తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పోతాయి.

బయటి మెకానిక్ దగ్గర చేయించిన బండ్లన్నీ ఖరాబ్ అని నేననను. మన మహల్లాలో చేయి తిరిగిన మిస్త్రీలు ఉన్నారు. కానీ ఆయన దగ్గరైనా బిల్లులు, ఆయిల్ మార్చిన తారీఖులు ఏదో ఒక సబూత్ ఉండాలి. ఏ సబూత్ లేని బండికి మంచి బండి రేటు ఇవ్వొద్దు.

మీటరు నిజమో కాదో బండే చెబుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. బండి 20,000 తిరిగిందంటాడు, నాలుగు టైర్లూ కొత్తవి. పాతవి ఏమయ్యాయని అడగండి. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరిసిపోతుంటే ఆ బండి 40,000 దగ్గర లేదు.

వరదలో మునిగిన బండిని పట్టుకోవడానికి సీటు బెల్టుని చివరిదాకా లాగండి. కింది భాగంలో బురద మరక కనిపిస్తుంది. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల తేమ చూడండి. కారులో అత్తరు వాసన మరీ ఘాటుగా ఉంటే ఇంకా హుషారుగా ఉండండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్లలో ఎన్ని కార్లు నిలబడ్డాయో చూశాం. అవి బాగై, కడిగి, పాలిష్ పెట్టుకుని ఎక్కడెక్కడికో చేరతాయి.

ఇన్సూరెన్స్ కాగితం కూడా మాట్లాడుతుంది. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి నో క్లెయిమ్ బోనస్ 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఐదేళ్లుగా ఒకే ఓనర్ చేతిలో ఉన్న బండికి అది సున్నా అని ఉంటే, ఏం జరిగిందని అడగండి. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరో, రిజిస్ట్రేషన్ తారీఖు ఏదో, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుంది. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పెండింగ్ చలాన్లూ చూసుకోండి.

ఇక వారంటీ. ఈ ఒక్క మాట మీద ఎంతమంది ధోఖా తింటున్నారో. కంపెనీ వారంటీ మీరు కొన్న రోజు నుంచి కాదు, మొదటి ఓనర్ చేతికి బండి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. మారుతీ సుజుకీ తన స్టాండర్డ్ వారంటీని 2024 జూలైలో రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. అందులో “లేదా” అన్న మాట చూడండి. రెండింట్లో ఏది ముందు దాటితే అక్కడ వారంటీ ఖతమ్. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందంటే దాని కాగితం, ఆఖరి తారీఖు, కిలోమీటర్ల హద్దు చూడండి. కొత్త ఓనర్ పేరు మీదికి మారుతుందా అని కంపెనీ వాళ్లనే అడగండి, అమ్మేవాడిని కాదు. సర్వీసులు ఎగ్గొట్టినా, బయట సీఎన్‌జీ కిట్టో వైరింగో వేయించినా క్లెయిమ్ ఆపేయొచ్చు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు లాంటి అరిగే సామాను మామూలుగా అందులో రాదు. ఎలక్ట్రిక్ బండైతే బ్యాటరీ వారంటీ షర్తులు విడిగా చదవండి. మొదటి ఓనర్‌కి ఇచ్చింది రెండో ఓనర్‌కి అంతే దక్కాలని లేదు.

పాత కార్ల కంపెనీలు సొంతంగా ఆరు నెలలో ఏడాదో వారంటీ ఇస్తుంటాయి. ఇంజన్, గేర్‌బాక్సుకేనా, ఏసీకి కూడానా? ఎంత రకం దాకా? మీ ఊళ్లో చేస్తారా, బెంగళూరుకే లాగించుకుపోవాలా? ఇవన్నీ బిల్లు మీద రాయించండి. ఆ రోజు మీటరు రీడింగు, యాక్సిడెంట్ కాలేదన్న మాట, వరదలో మునగలేదన్న మాట కూడా. రేపు డీలర్ ముకర్ జాయిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది, 1915 హెల్ప్‌లైన్ ఉంది. కానీ అక్కడ చూపించడానికి కాగితం ఉండాలి. మా ఫుప్పూ కొడుకు దగ్గర ఉన్నది బిర్యానీ తిన్న యాద్ ఒక్కటే.

కొన్నాక కూడా గాఫిల్‌గా ఉండొద్దు. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28, ఇక్కడ లైఫ్ ట్యాక్స్. బెంగళూరులో చవగ్గా కనిపించిన రేటుకు ఇది కలుపుకుంటే చాలాసార్లు ఆ చవక మాయమవుతుంది. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని వెంటనే పేరు మార్పించండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టండి. లేకపోతే మీ కారు దెబ్బతిన్నప్పుడు డబ్బులు రావు. అమ్మేవాళ్లకూ ఇది జరూరీ. ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లదే జిమ్మేదారీ అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది.

ఇంతదాకా కొనేవాళ్లకు చెప్పాను. అమ్మేవాడిగా నా సంగతీ చెప్పాలి, లేకపోతే ఈ రాత మునాఫిఖ్ రాత అవుతుంది.

2017లో నా పాత కారుని ఒక టీచర్‌కి అమ్మాను. ఆ ఇంజన్ ఆయిల్ తాగుతుందని నాకు తెలుసు. ప్రతి రెండు నెలలకు లీటరు పోసేవాడిని. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అబద్ధం ఆడలేదు కదా అని దిల్‌కి సర్దిచెప్పుకున్నాను. ఫుప్పూ చెట్టు కింద కూర్చున్న ఫొటో చూసిన రాత్రి నాకు ఆ టీచర్ గుర్తొచ్చాడు. మర్నాడు ఫోన్ చేసి మాఫీ అడిగాను, ఖర్చయితే ఇస్తానన్నాను. ఆయన నవ్వాడు. “రెండేళ్లకే వేరేవాళ్లకి అమ్మేశాను సార్. నేనూ చెప్పలేదులెండి. ఎవరు చెప్తారు?”

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. నేను మొదలుపెట్టిన మౌనం చేతులు మారుతూ పోతూనే ఉంది. ఐబ్ దాచిన సౌదాలో బరకత్ ఉండదని అబ్బా చిన్నప్పుడే చెప్పారు. ఆ రోజు ఆ మాట బజారులో బియ్యం అమ్మేవాళ్ల గురించి అనుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కారుకి ఒక ఫైలు పెట్టాను. ప్రతి సర్వీస్ బిల్లు, ప్రతి పార్టు రసీదు, ఒకసారి గోడకు తగిలించిన డోర్ బిల్లుతో సహా అందులో ఉంది. అమ్మే రోజు కొనేవాడు అడిగినా అడగకపోయినా ఆ ఫైలు ముందు పెడతాను, ఇన్షాఅల్లాహ్. పదివేలు తక్కువ రావచ్చు. రానీ.

ఫుప్పూ కొడుకు బండి బాగు చేయించలేదు. వచ్చిన రేటుకు పాత ఇనుము వాడికి ఇచ్చేస్తానంటే, ఉన్నది ఉన్నట్టు రాసి ఒక మిస్త్రీకి 1 లక్ష 70 వేలకు అమ్మాడు. మళ్లీ కువైట్ వీసా కోసం తిరుగుతున్నాడు. ఫుప్పూ ఇప్పుడు తిరుపతికి బస్సులోనే వెళ్తోంది.