ఒడ్డునకు చేరినవాని సొత్తు

సముద్రమన్నంతనే మనకు జ్ఞప్తికి వచ్చునవి క్షీరసాగరమథనము, సేతుబంధనము మొదలగు పురాణకథలు. సముద్రమును నమ్ముకొని బ్రతికిన మనుష్యుల కథలు మనము విన్నవి చాల తక్కువ. పత్తిచేలకును మిరపకల్లములకును అలవాటుపడిన గుంటూరు సీమవారము. తీరము దాపుననే యున్నను కార్తికస్నానమునకు తప్ప దానివంక పోము. ఆ కొఱత కొంత తీఱునట్లు ఈ నెల మోటుపల్లిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఓడల ప్రదర్శనశాల యనిన పలువురు విశాఖపట్టణమును తలచుదురు. అచట సాగరతీరమున కురుసుర యను జలాంతర్గామిని ఒడ్డునకు చేర్చి చూపుచున్నారు. అది 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో విశ్రాంతినొంది, 2002 నుండి ప్రదర్శనశాలయై యున్నది. పొడవు ఇంచుమించు 91 మీటర్లు. మేమును దానిని చూచితిమి. ఇఱుకుటింట సంసారము నడుపు గృహిణి సహితము అందలి పడకలను వంటగదిని చూచి ముక్కుపై వ్రేలుంచుకొనును. సముద్రమున యుద్ధమెట్లు చేయుదురో అది తెలుపును. సముద్రమున చెడినవానిని ఒడ్డుననున్నవారు ఎట్లు చూడవలెనో తెలిసికొనుటకు మాత్రము అంత దూరము పోనక్కఱలేదు. ఆ ధర్మము మోటుపల్లిలో ఒక రాతిస్తంభముపై చెక్కబడి యున్నది. ఈ గ్రామము 2022లో బాపట్ల జిల్లా యేర్పడువఱకు ప్రకాశము జిల్లాలోనిది.

మా వారు తమ పాఠశాల బాలబాలికలను అచటికి తీసికొనిపోవుచుండగా మేమును వెంట పోతిమి. చీరాల దాటినది మొదలు వేటపాలెము వఱకు మగ్గముల చప్పుడు వినవచ్చుచుండెను. గ్రామము చేరి చూడ, ఒకప్పుడు పెద్ద రేవుపట్టణమన్న గుఱుతే లేదు. ఇచట టిక్కెట్టు లేదు, గాజుపెట్టెలు లేవు, కఱ్ఱతో చూపి వివరించువాడు లేడు. వీరభద్రస్వామి యాలయ మండపమున నిలిచియున్న స్తంభమే ప్రదర్శనశాల.

ఓడవ్యాపారము మన తీరమునకు కాకతీయులతో వచ్చినది కాదు. శాతవాహనరాజుల నాణెములపై రెండు కొయ్యల యోడబొమ్మ కలదు. ఐనను మన తీరమున ఓడ నడుపుట సులభము కాదు. పలుచోట్ల ఒడ్డున లోతు లేదు. పెద్దయోడలు దూరముననే లంగరు వేయగా, అలలనడుమ చిన్నపడవలపై సరకు దింపుకొనెడివారు. అంతలో తుపాను లేచినచో లంగరు తెగిన యోడ ఎక్కడ పగులునో, ఏ యిసుకదిబ్బపై కూలబడునో దైవమునకే యెఱుక. ఆ గాలి యెట్టిదో మనకు ఒకరు చెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనను తలచికొని నేటికిని కన్నీరు పెట్టు తల్లులు కలరు.

అట్లు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకు ఎవరిది? పూర్వపురాజులు అది తమదే యనుకొనిరి. బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు - ఏది దొరకిన నది కోశమున చేరెడిది. ప్రాణముతో బయటపడిన వర్తకుడు కట్టుబట్టతో నిలిచెడివాడు. సముద్రము సగము దోచుకొనగా రాజు తక్కిన సగము దోచుకొనుట యన్నమాట! కాకతి గణపతిదేవ చక్రవర్తి ఈ దురాచారమును మాన్పించి, 1244లో ఈ స్తంభముపై అభయశాసనము వ్రాయించెను. ప్రాణముకంటె ధనమే యెక్కువయని తలచి, సముద్రయానమను గొప్పసాహసమునకు పూనుకొన్నవారికి, దయచేతను, కీర్తికిని ధర్మమునకును, ఏర్పడిన సుంకము తప్ప తక్కినదంతయు విడిచితిమని దాని సారాంశము. ఆ సుంకమైనను ముప్పదింట నొకపాలు మాత్రమే.

ఆ శాసనముననే వేర్వేఱు సరకులపై సుంకమెంతయో కూడ వ్రాయించినారు. చందనము, దేశవాళి కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు - చదువుచుండిన ఒక సంపన్నగృహపు పెండ్లిపట్టీవలె నుండును. అందు మిరపకాయ లేదు. ఉండుటకు వీలునులేదు. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాతనే, పోర్చుగీసువారి యోడలపై అమెరికాఖండపు మిరప మన దేశమునకు వచ్చెను. నేడు గుంటూరు పేరు చెప్పిన మిరపకాయయే తలపునకు వచ్చుచుండగా, గణపతిదేవుని నాటి గృహిణి మిరియములతోనే కారము సరిపెట్టుకొనెనన్నమాట. మన పొపుపెట్టెయు సముద్రము దాటివచ్చినదే.

వచ్చిన యోడలు ఉత్తచేతులతో పోలేదు. ఇటలీదేశపు యాత్రికుడు మార్కోపోలో తన గ్రంథమున ఈ రాజ్యమును రేవుపేరిటనే ముత్ఫిలి యని పిలిచి, ఇచటి వజ్రములను, సాలెగూటివలె పలుచని వస్త్రములను కొనియాడెను. రాజ్యమేలుచుండిన రాణి న్యాయబుద్ధిని మిక్కిలి మెచ్చుకొనెను. ఆమెను అతడు పూర్వపురాజు భార్యయని వ్రాసెను గాని, ఆ రుద్రమదేవి గణపతిదేవుని కూతురు. తండ్రి యిచ్చిన అభయము కుమార్తె పాలనమున పరదేశీయుల నోట కీర్తియై వినవచ్చినది. ఆ వస్త్రము వెనుక నూలు వడికిన స్త్రీల పేరులు ఏ శాసనమునను లేవు. వారి వ్రేళ్ల నేర్పు మాత్రము వెనీసునగరపు పుస్తకమున కెక్కినది.

కాకతీయరాజ్యము 1323లో అంతరింప, రేవు పాడుపడెను. దానిని మరల నిలువబెట్టినవారు రెడ్డిరాజులు. 1358లో అనపోతారెడ్డి వర్తకులకు మఱియొక శాసనమిచ్చెను. వచ్చి కాపురముండువారికి భూములిత్తుమనియు, పోదలచినవారిని నిర్బంధింపమనియు, సరకు బలవంతముగ తీసికొనమనియు మాట యిచ్చెను. అపుత్రికమను సుంకమును విడిచెను. కొడుకులు లేక చనిపోయినవాని ధనమును రాజు తీసికొనుటయే అపుత్రికము. పరదేశమున భర్తను పోగొట్టుకొని ఆడుబిడ్డతో మిగిలిన యిల్లాలికి ఆ యొక్కమాట ఎంత నీడయో మనకంటె నెక్కువ నెవరెఱుగుదురు? ఈ రక్షణల ఫలమేమో, శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియైన అవచి తిప్పయసెట్టి సింహళపు టేనుగులను, హురుమంజి గుఱ్ఱములను, చీనా పట్టును తెప్పించి కొండవీటి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చు కాలము వచ్చినది.

స్తంభముచెంత ఒక బాలిక మమ్ము అడిగినది: “అమ్మగారూ, దొరకిన సరకు తీసికొనుట తప్పని రాజుగారికి ఎవరు చెప్పినారండీ?” మేము “నీకెవరు చెప్పినారమ్మా?” యని యడిగితిమి. “మా అమ్మ!” అన్నది. “రాజులకును అమ్మలుందురు గదా” యంటిమి. పిల్ల నవ్వినది, మాకు మాత్రము ఆ ప్రశ్న ఇంటికి వచ్చినను వదలలేదు.

ఏలయన, నేడు మన యూళ్లకు ఓడలు రావు గాని మనుష్యులు వచ్చుచున్నారు. మిరపకోతలకు కర్నూలు సీమనుండి కుటుంబములు కుటుంబములే తరలివచ్చి, చంకబిడ్డలతో చేనిగట్లపై గుడారములు వేసికొందురు. వానలేమి వారిని తమ యూరినుండి మన యొడ్డునకు కొట్టివేసినది. వారి కూలి లెక్కగట్టునప్పుడు, వారి బిడ్డకు మంచినీళ్లడిగినప్పుడు, అంగడిలో వారికి తూకము వేయునప్పుడు మనము తీసికొనునది ముప్పదింట నొకపాలా, అంతకు మించియా? ఈ లెక్క కోశాధికారిది కాదు. వాకిట నిలిచి మాటాడు ఇల్లాలిది.

మోటుపల్లికి పోదలచిన సోదరీమణులకు రెండుమాటలు. ఎండ ముదురకమునుపు మాఘమాసమున పొండు, పిల్లలను వెంట గొనిపొండు, త్రాగునీరు మఱువకుడు. మన పల్లెల యాలయములందు వ్రాతరాళ్లను దేవతలనుకొని నూనెయు పసుపును పూయుట, పండుగకు సున్నము కొట్టుట కలదు. భక్తి మంచిదే. కాని పూసిన ప్రతిపూతయు అక్షరముల లోతును కొంచెము కొంచెముగ పూడ్చివేయును. వ్రాతగల రాతికి చేయి జోడించిన చాలును. ఏడువందల యెనుబది యేండ్లుగ ఆ స్తంభము దిక్కులేనివానికి అభయమిచ్చుచు నిలిచియున్నది. ఆ మాట మన మనుమరాండ్రకును చదువవచ్చునట్లు ఉంచుట మన చేతిపని.