కాలినడకన గెలిచిన కౌన్సిల్

2023 మే 4న ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఓట్ల లెక్కింపు ముగిసేసరికి అందరి చూపూ అధికార కన్జర్వేటివ్ పార్టీ పోగొట్టుకున్న వెయ్యికి పైగా స్థానాల మీదే నిలిచింది. ఆ హడావుడిలో తూర్పు ఇంగ్లండ్‌లోని ఒక పల్లెప్రాంతం ఇచ్చిన తీర్పుకు దక్కాల్సినంత చర్చ దక్కలేదు. సఫోక్ కౌంటీలోని మిడ్ సఫోక్ జిల్లా కౌన్సిల్‌లో 34 స్థానాలుంటే గ్రీన్ పార్టీ 24 గెలుచుకుంది. అంతకుముందు 16 మంది ఉన్న కన్జర్వేటివ్‌లు ఆరుగురే మిగిలారు. లిబరల్ డెమొక్రాట్లకు నాలుగు దక్కాయి. బ్రిటన్‌లో ఒక కౌన్సిల్ పూర్తి మెజారిటీతో గ్రీన్ పార్టీ చేతికి రావడం అదే మొదటిసారి.

ఈ పార్టీకి విశ్వవిద్యాలయ పట్టణాల్లో, యువత ఎక్కువున్న నగరాల్లోనే బలముంటుందని ఒక అభిప్రాయం. మిడ్ సఫోక్ ఆ కోవలోది కాదు. స్టోమార్కెట్, నీడమ్ మార్కెట్, ఐ అనే మూడు చిన్న పట్టణాలు, మిగతాదంతా గోధుమ, బార్లీ పొలాల మధ్య విసిరేసినట్టున్న ఊళ్లు. చాలా ఏళ్లుగా కన్జర్వేటివ్‌ల కంచుకోట. విచిత్రమేమిటంటే, గ్రీన్ పార్టీకి పట్టుగొమ్మ అనుకున్న బ్రైటన్ నగరం సరిగ్గా అదే రోజు చేజారింది. మైనారిటీ పాలకపక్షంగా ఉన్న గ్రీన్లు అక్కడ ఏడు స్థానాలకు పడిపోయారు. చెత్త సేకరణ గొడవలు, మూతపడ్డ మరుగుదొడ్లు అక్కడి ఓటరు గుర్తుపెట్టుకున్నాడు.

కాబట్టి మిడ్ సఫోక్ ఫలితాన్ని పర్యావరణ చైతన్యం ఖాతాలో రాసేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. అక్కడ గెలిచింది సిద్ధాంతం కంటే ముందు చేరువ. ఓటరు ఇంటికి నడిచి వెళ్లగలిగినంత చిన్న వార్డే ఒక చిన్న పార్టీని పాలకపక్షం చేసింది. అలాంటి చిన్న కౌన్సిళ్లనే ఇప్పుడు బ్రిటన్ ప్రభుత్వం రద్దు చేయబూనింది.

ఇంగ్లండ్ గ్రామీణ ప్రాంతాల్లో చాలాచోట్ల స్థానిక పాలన రెండంతస్తులు. పైన కౌంటీ కౌన్సిల్: బడులు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ, గ్రంథాలయాలు దాని బాధ్యత. కింద జిల్లా కౌన్సిల్: చెత్త సేకరణ, ఇళ్ల నిర్మాణ అనుమతులు, కౌన్సిల్ ఇళ్లు, పన్ను వసూలు దాని పని. విస్తీర్ణంలో, అధికారాల్లో మన జిల్లా పరిషత్తుకు కౌంటీయే దగ్గర. మిడ్ సఫోక్ జనాభా లక్ష పైచిలుకు. సగటున మూడు వేల మందికి ఒక కౌన్సిలర్. పోలింగు తక్కువగా ఉండే ఈ ఎన్నికల్లో పల్లె వార్డును కొన్ని వందల ఓట్లతో గెలవచ్చు. అన్ని ఇళ్ల తలుపులూ ఒకే అభ్యర్థి రెండు మూడు నెలల సాయంత్రాల్లో తట్టి రాగలడు.

గ్రీన్లు చేసిందదే. ఏళ్ల తరబడి ఒక్కో వార్డునూ ఎంచుకుని, అక్కడే బలమంతా పెట్టి, గెలిచాక పక్క వార్డుకు జరిగారు. కరపత్రం ఎన్నికలప్పుడే కాదు, ఏడాది పొడవునా తలుపు సందులోంచి లోపలికి పడుతుంది. అందులో హిమానీనదాల ఊసు తక్కువ. ఫలానా మలుపులో కార్ల వేగం, ఆగిపోయిన బస్సు, ఊరి చివర లేవబోతున్న కొత్త ఇళ్లు, వాటి గురించి కౌన్సిలర్ రాసిన ఉత్తరం, దానికి వచ్చిన జవాబు. 2019కే వారి బలం 12కు చేరింది. లిబరల్ డెమొక్రాట్ల ఐదుతో కలిపితే సభలో సరిగ్గా సగం. 2023లో తగిలింది చివరి దెబ్బ మాత్రమే.

ఆ దెబ్బకు బలం చేకూర్చిన కారణాల్లో ఇళ్ల నిర్మాణం పెద్దది. రాబోయే ఐదేళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలను చూపించలేని కౌన్సిల్‌కు, ప్రణాళికలో లేని చోట వచ్చే దరఖాస్తులను కూడా తిరస్కరించడం కష్టమవుతుంది. తిరస్కరిస్తే బిల్డర్ అప్పీలుకు వెళ్లి గెలుస్తాడు. కొన్నేళ్ల కిందట మిడ్ సఫోక్‌కు ఆ స్థితే వచ్చింది. థర్స్టన్ లాంటి ఊళ్లకు వందల ఇళ్లు ఒక్కసారిగా మంజూరయ్యాయి. ఇళ్లు లేచినంత వేగంగా డాక్టరు క్లినిక్కులు, బడి గదులు లేవవు. నిబంధన లండన్‌లో రాసిందే అయినా, అనుమతి మీద సంతకం కౌన్సిల్‌ది. కోపం కూడా దాని మీదికే మళ్లింది. దానికి ప్రధాని బోరిస్ జాన్సన్ కాలపు లాక్‌డౌన్ విందుల గొడవ, ఆయన తర్వాత వచ్చిన లిజ్ ట్రస్ మినీ బడ్జెట్ దెబ్బ, నదుల్లోకి మురుగు వదిలే నీటి కంపెనీల మీద ఆగ్రహం తోడయ్యాయి.

అంకెల్లో మరో మర్మం ఉంది. వార్డులో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత అనే పద్ధతిలో గ్రీన్లకు 70 శాతం స్థానాలు వచ్చాయి. అంటే 70 శాతం ఓటర్లు గ్రీన్లయిపోయారని కాదు. కన్జర్వేటివ్ వ్యతిరేక ఓటు చీలకుండా ఒక్కచోట పోగైతే ఈ పద్ధతి దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ఎదురుగాలి వీచిన రోజు అంతే వేగంగా కూలుస్తుంది. 2025 మేలో రిఫార్మ్ యూకే పార్టీ 10 కౌన్సిళ్లలో మెజారిటీ సాధించిందీ ఇలాగే. ఒక తేడా మాత్రం ఉంది. గాలిలో వచ్చిన ఓటు గాలితోనే పోతుంది, గడప దగ్గర సంపాదించిన ఓటు కొంత నిలుస్తుంది. 2024 జులైలో ఐ పట్టణం చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుని ఏర్పడిన వేవెనీ వ్యాలీ పార్లమెంటు స్థానాన్ని గ్రీన్ పార్టీ అభ్యర్థి ఏడ్రియన్ రామ్సే గెలుచుకోవడమే ఇందుకు నిదర్శనం. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే ఇదే.

ఇల్లు అలకగానే పండగ కాదు. చేరువకు మూల్యం ఉంటుందని గ్రీన్లకు త్వరలోనే తెలిసొచ్చింది. ఉత్తర సముద్రంలోని గాలిమరల కరెంటును చేరవేయడానికి నారిచ్ నుంచి ఈ ప్రాంతం మీదుగా టిల్బరీ దాకా దాదాపు 180 కిలోమీటర్ల హైటెన్షన్ లైను వేయాలన్నది నేషనల్ గ్రిడ్ ప్రతిపాదన. టవర్లలో చాలావరకు 50 మీటర్ల ఎత్తు. స్వచ్ఛ విద్యుత్తు కావాలని దేశమంతా చెప్పే పార్టీ ఎంపీ, ఎన్నికైన నెలలోనే ఆ లైనును కాస్త ఆపి ప్రత్యామ్నాయాలు చూడమన్నారు. ద్వంద్వ వైఖరి అని విమర్శలు కురిశాయి. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. కాకపోతే, ఊరి ఓటరుకు దగ్గరగా ఉంటానని గెలిచినవారు ఊరి పొలాల్లో లేచే టవర్ల గురించి మౌనంగా ఉండలేరు కూడా. స్థానిక ప్రజాస్వామ్యంలో ఈ గుంజాటన తప్పదు. దీన్ని తట్టుకుంటూ ఓటరుకు నచ్చచెప్పగలిగినవాడే నాయకుడు.

ఇంతలో కౌన్సిల్ ఉనికికే ఎసరు వచ్చింది. 2024 డిసెంబరులో లేబర్ ప్రభుత్వం ప్రకటించిన శ్వేతపత్రం ప్రకారం రెండంతస్తుల పాలన పోయి ఒకే అంతస్తు వస్తుంది. కొత్త సంస్థకు దాదాపు ఐదు లక్షల జనాభా ఉండాలన్నది మార్గదర్శక సూత్రం. సఫోక్‌కు ఒక్కటి చాలని కౌంటీ కౌన్సిల్, మూడు కావాలని జిల్లా కౌన్సిళ్లు పట్టుబట్టాయి. పునర్వ్యవస్థీకరణ పేరుతో 2025 మేలో జరగాల్సిన కౌంటీ ఎన్నికలనూ వాయిదా వేశారు. ఒకటైనా మూడైనా ఈ మార్పులో మిడ్ సఫోక్ కౌన్సిల్ మిగలదు.

సమర్థించేవారి వాదన తీసిపారేయదగ్గది కాదు. రోడ్డు గుంతకు ఒకరు, చెత్తబుట్టకు ఒకరు జవాబుదారీ అయితే ఓటరుకు తికమకే. రెండు చోట్ల అధికారులు, రెండు చోట్ల ఖర్చులు. అయితే పొదుపు కోసం కౌన్సిల్‌ను చంపనక్కర్లేదని ఈ జిల్లాయే రుజువు చేసింది. పక్కనున్న బేబర్‌తో విలీనంపై 2011లో రెండు జిల్లాల్లోనూ ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే మిడ్ సఫోక్ సరేనంది, బేబర్ కాదంది. విలీనం ఆగింది. అయినా సిబ్బందిని కలిపేశారు. రెండు కౌన్సిళ్లకూ ఒకే యంత్రాంగం, సభలు మాత్రం వేర్వేరు. ఓటరు చేతిలోని కర్ర ఓటరు చేతిలోనే ఉంది. దూరం పెరిగిన సందర్భమూ లేకపోలేదు. 2017లో కౌన్సిల్ ప్రధాన కార్యాలయం నీడమ్ మార్కెట్ నుంచి జిల్లా సరిహద్దు అవతలి ఇప్స్‌విచ్‌కు తరలిపోయింది.

వార్డు పెద్దదైతే ఏమవుతుందో కౌంటీ కౌన్సిలే చెబుతుంది. 2021లో ఎన్నికైన కౌంటీ కౌన్సిల్‌లో 75 మంది సభ్యులు, అంటే సుమారు పది వేల మందికి ఒకరు. ఆ సభలో కన్జర్వేటివ్‌లకు 55, గ్రీన్లకు తొమ్మిది. కౌంటీలో పట్టణాలున్నాయి, గ్రీన్లు పాతుకుపోని ప్రాంతాలున్నాయి, నిజమే. అయినా వార్డు మూడింతలైతే కాలినడక చాలదు. డబ్బు, టీవీలో పేరు, జాతీయ గాలి కావాలి. ఇవన్నీ పెద్ద పార్టీలకే ఉంటాయి.

ఇది మనకు పట్టని ఊసేమీ కాదు. కామన్వెల్త్ పౌరులుగా బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారతీయులకు ఈ ఎన్నికల్లో ఓటుహక్కు ఉంది. 2023 నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు తప్పనిసరి చేశారు. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఇప్స్‌విచ్‌లోనో లీడ్స్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు కుటుంబం, బిన్ ఎప్పుడు తీస్తారో, పక్క స్థలంలో ఏం కడతారో నిర్ణయించే కౌన్సిలర్‌ను ఎన్నుకోవచ్చు, నిలదీయవచ్చు.

సంస్కరణ వద్దని ఎవరూ అనరు. కొత్త సంస్థలు ఎన్ని ఏర్పడినా వార్డులను చిన్నవిగా ఉంచడం, ఊరి స్థాయి పారిష్ కౌన్సిళ్లకు నిధులూ నిర్ణయాధికారమూ ఇవ్వడం, ఇళ్ల అనుమతుల్లో స్థానిక సభ్యుల మాటకు విలువ ఉంచడం చట్టంలోనే రాయాలి. ఒక కంచుకోటను ఓటరు ఒక్కో గడప లెక్కన కూల్చగలిగాడంటే వ్యవస్థ పనిచేస్తోందనే అర్థం. మూడు వేల మందికి ఒక కౌన్సిలర్ అన్న లెక్కను పది వేలకు పెంచి దానికి సంస్కరణ అని పేరు పెడితే, అందులో మిగిలే పొదుపు పాలకులది, పోయే పట్టు ఓటరుది.