కాలువ వచ్చింది, పంటబోదె ఎప్పుడు?



ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆనకట్ట ఒక్కటే మన డెల్టాను పండించలేదు. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకు, అక్కడి నుంచి పంటబోదెకు నీరు పారింది కాబట్టే చేను పండింది. ఈ సంగతి శివారు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హైస్పీడ్ ఇంటర్నెట్ గురించి కూడా మేము చెప్పదలచుకున్నది ఇదే.

ఈ సౌకర్యం మన ప్రాంతానికి కొత్త కాదు. అంతర్వేదికి దగ్గరలో ఉన్న మోరి గ్రామంలో 2016 డిసెంబరులోనే ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇచ్చారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల ఖర్చు తగ్గింది. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నది అప్పటి పథకం. వేగం 15 ఎంబీపీఎస్.

ఒక కుటుంబానికి ఆ వేగం చాలు. మరి వందమంది ఉన్న హాస్టల్‌కో? పంచితే తలా 0.15 వస్తుంది. వీడియో పాఠం ఆగకుండా నడవాలంటే సుమారు 1 ఎంబీపీఎస్ అయినా ఉండాలి. ఒక జీబీ పాఠాలు దించుకోవడానికి 15 ఎంబీపీఎస్ లైనులో దాదాపు 9 నిమిషాలు పడుతుంది. 1000 ఎంబీపీఎస్ లైనులో 8 సెకన్లు చాలు. విశ్వవిద్యాలయాలను, పరిశోధనా సంస్థలను ఇలాంటి వేగంతో కలపడానికే కేంద్రం 2010లో జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌ను ఆమోదించింది. పై చదువుల వాళ్లకు అవసరమైనది పదో తరగతి పిల్లలకు అక్కర్లేదా?

2020లో కరోనా వల్ల హాస్టళ్లు మూతపడ్డప్పుడు పాఠాలు ఫోన్లలోకి వెళ్లాయి. ఇంట్లో ఒక్క ఫోను, అదీ నాన్నతోపాటు పనికి వెళ్లిపోయేది. ఆ వెనకబాటు నేటికీ మనల్ని వెంటాడుతోంది. నేటికీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా, స్కాలర్‌షిప్ దరఖాస్తు చేయాలన్నా నెట్ సెంటర్ ముందు నిలబడాల్సిందే. చివరి రోజున సర్వర్ మొరాయిస్తే ఒక సంవత్సరం చదువే పోతుంది.

పిల్లలకు నెట్ ఇస్తే సినిమాలు చూస్తారు కదా అని పెద్దలు అంటారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే మేము తలా ఒక ఫోను అడగడం లేదు. స్టడీ హాలులో ఒక పెద్ద తెర, పది కంప్యూటర్లు, వార్డెన్ గారి పర్యవేక్షణలో నిర్ణీత వేళలు అడుగుతున్నాము. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టరు కూడా ఉండాలి. రాత్రి దించుకున్న పాఠాలు హాస్టల్ కంప్యూటర్‌లో భద్రపరిస్తే పగలు లైను తెగినా చదువు ఆగదు. జ్వరం వచ్చిన తమ్ముడిని ఇ-సంజీవని ద్వారా వెంటనే డాక్టరుగారికి చూపించవచ్చు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా నెలకు ఒక్క సాయంత్రం ఆ తెర మీదకు రండి. లెక్కలు చెప్పండి, ఇంటర్వ్యూకు ఎలా కూర్చోవాలో చూపించండి. ఈ గదుల్లోనే చాపలు పరుచుకుని చదివి పైకి వచ్చిన మీ మాట మాకు ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేనిది.

తీగ మన వీధి స్తంభం దాకా వచ్చింది. దాన్ని స్టడీ హాలులోకి తేవడానికి అధికారులు, పూర్వ విద్యార్థులు, మనం కలిసి వచ్చే వార్షికోత్సవంలోగా పూనుకోవాలని కోరుతున్నాము.